తెలుగు చదివే ఫ్రీ సాఫ్ట్‌వేర్లలో మనకి ఏది పనికొస్తాదో మనమే తేల్చుకునేది ఎట్ల

మొన్న మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసి, అన్నా ఆటోకి మైకు కట్టుకుని ఊర్లు తిరగాల, నా గొంతు పూర్తిగా పోయింది, కంప్యూటర్‌తో చదివించేకి ఏమన్నా ఉంటే చెప్పు, దుడ్లు కట్టేది మాత్రం వద్దు అన్నాడు. అదే వారం తాడిపత్రిలో ఉండే ఫ్రెండు కూడా ఇంచుమించు అదే అడిగినాడు. ఆయనకి కండ్లు కనపడవు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయితాండాడు, నోట్సు రోజుకి నాలుగైదు గంటలు చెవులతోనే చదవాల. ఇద్దరికీ ఒకే పేరు చెప్పేసి పని అయిపోయిందనుకున్నా, తీరా చూస్తే ఇద్దరికీ అది పనికిరాలేదు. అందుకే ఈసారి అనంతపురంలో నా పాత ల్యాప్‌టాప్ మీద, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు, కరెంటు పోతే అరగంట కూడా నిలబడదు, దాని మీద ఒక్కొక్కటే వేసి చూసినా. మీరు చేసుకునేకి కూడా వీలుగా ఏ వరసలో చేసినానో రాస్తాండా.

సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందు మీ దగ్గర ఉండే టెక్స్ట్ చూసుకోండి. మన దగ్గర డీటీపీ షాపుల్లో పాంప్లెట్లు, కరపత్రాలు ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొడతారు కదా, ఆ ఫైల్ తెచ్చి కాపీ చేసి పెడితే ఏ సాఫ్ట్‌వేర్ అయినా పిచ్చి పిచ్చిగా అరుస్తాది, ఎందుకంటే స్క్రీన్ మీద తెలుగు లాగా కనపడినా లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ తెలుగుగానే గుర్తుపట్టే రాతలోకి, మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, మార్చినాక ఒత్తులు ఒకసారి కండ్లతో చూడాల, క్ష, జ్ఞ, ర-వత్తు ఉండే చోట్ల ఎక్కువ పోతాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే టెసరాక్ట్ అని ఓపెన్ సోర్స్ ఓసీఆర్, అంటే బొమ్మలో ఉండే అక్షరాల్ని టెక్స్ట్‌గా తీసేది, ఉండాది, దానికి తెలుగు డేటా కూడా దొరుకుతాది, అది తీసిన టెక్స్ట్‌లో కూడా తప్పులు దిద్దుకోవాల్సిందే. మా వాడి పాంప్లెట్ మొదటిసారి పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ బాగలేదని నేను ఒక గంట తిట్టుకున్నా, తప్పు ఫాంటుది.

ఇంగ ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ సాఫ్ట్‌వేర్ల పేజీల్లో వినిపించే శాంపిల్స్ నమ్మొద్దండి. వాళ్ళు బాగా వచ్చే వాక్యాలే పెడతారు, మనమైనా అదే చేస్తాం. మీ సొంత వాక్యాలు ఒక పది రాసి ఒక ఫైల్‌లో పెట్టుకోండి, ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ అదే ఫైల్ ఇవ్వాల, ఒక్క అక్షరం మార్చకూడదు. నేను పెట్టుకున్న వాటిలో కొన్ని చెప్తా, ఎందుకు పెట్టినానో కూడా.

మొదటిది: మాది యాడికి, నువ్వు యాడికి పోతాండావప్పా? తాడిపత్రి పక్కన యాడికి అని మండలం ఉండాది, బయటి వాళ్ళకి ఇది జోక్ మాదిరి ఉంటాది గానీ మనకి రోజూ వచ్చే మాట. మనిషి చదివితే మొదటి యాడికి దగ్గర ఊరు అని తెలిసిపోతాది, రెండోది ప్రశ్న అని గొంతులోనే తెలుస్తాది. మిషన్ ఈ రెండూ ఒకే రాగంలో లాగేస్తే అది పదాలు పలుకుతాందే గానీ వాక్యం చదవడం లేదని అర్థం. అదీగాక సీమ మాట పోతాండావు, చేస్తాండాడు లాంటివి పుస్తకాల్లో పెద్దగా ఉండవు, వార్తలు చదివిన గొంతులతో నేర్చుకున్న మోడల్ వీటి దగ్గర తడబడుతాదేమో చూసేకి ఇది పనికొస్తాది.

రెండోది: చంద్రుడి వెలుతుర్లో చాప పరుచుకుని చేపలు తిన్నాం. తెలుగులో చ ఒకటే అక్షరం గానీ పలికేది రెండు రకాలు. చాప, చదువు, చుక్క అనేటప్పుడు నాలుక పండ్లకి తగులుతాది, చేప, చీమ అనేటప్పుడు వెనక్కి పోతాది, చంద్రుడు సంస్కృతం మాట కాబట్టి అ ఉన్నా కూడా చేపలో చ మాదిరే పలకాల. జ కూడా అంతే, జత, జాము ఒకరకం, జీతం ఒకరకం. ఇది రాతలో అగుపించదు, మనకి ఉగ్గుపాలతో వచ్చింది, మిషన్‌కి ఎవరో రూలు రాయాల లేదా విని నేర్చుకోవాల. తెలుగు గొంతు అసలుదా అతికించిందా అనేది నాకైతే ఈ ఒక్క వాక్యంతో సగం తెలిసిపోతాది.

మూడోది అంకెలది: 44వ నంబరు హైవే మీద 12 కి.మీ. పోతే 3 కిలోలు రూ. 1,250. ఇందులో అన్ని గుంతలూ ఉన్నాయి, కి.మీ. లో చుక్క పడగానే వాక్యం అయిపోయిందని ఆగిపోతాయి కొన్ని, 1,250 ని ఒకటి, రెండువందల యాభై అని చదివేవి కొన్ని. ఫోన్ నంబరు కూడా ఒకటి పెట్టండి, పది అంకెల్ని కోట్లు, లక్షలు అని చదివితే ఆటో వెనక పరిగెత్తి అడగాల జనాలు. తర్వాత మన ఊర్ల పేర్లు, గుంతకల్లు, కళ్యాణదుర్గం, బుక్కరాయసముద్రం, ఉరవకొండ. తర్వాత మధ్యలో ఇంగ్లీషు లిపిలో రెండు మాటలు ఉండే వాక్యం ఒకటి, మనం వాట్సాప్‌లో రాసే మాదిరి. చివరికి ఊపిరి తీసుకునేకి కామా లేని నలభై మాటల వాక్యం ఒకటి, ఎందుకంటే మనం రాసేది అట్లనే కదా.

ఇప్పుడు ఒక్కొక్కటి.

ఈస్పీక్ ఎన్‌జీ. 1995లో జొనాథన్ డడింగ్టన్ ఎకార్న్ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టిన దానికి ఇది వారసుడు, 2015 చివర్లో ఎన్‌జీ అని విడిగా నడవడం మొదలైంది. వందకి పైగా భాషలు, తెలుగు కూడా ఉండాది, మొత్తం కలిపి కొన్ని ఎంబీలే. ఇందులో కొన్ని హల్లుల శబ్దాలు తప్ప మనిషి గొంతు రికార్డింగులు ఉండవు, గొంతులో శబ్దం ఎట్ల పుడతాదో లెక్క గట్టి తయారు చేస్తాది, అందుకే రోబో మాట్లాడినట్లు ఉంటాది, మా అమ్మ విని రేడియో చెడిపోయిందా అనింది. కానీ దీన్ని తక్కువ అంచనా వెయ్యొద్దు. లినక్స్‌లో ప్యాకేజీ మేనేజర్ నుంచి ఒక్క కమాండుతో దిగుతాది, భాషకి టీఈ అనే కోడు ఇచ్చి, మైనస్ ఎఫ్ తో ఫైల్ పేరు, మైనస్ డబ్ల్యూ తో బయటికొచ్చే వేవ్ ఫైల్ పేరు ఇస్తే కన్ను మూసి తెరిచే లోపల అయిపోతాది. స్పీడు మైనస్ ఎస్, మామూలుగా నిమిషానికి 175 మాటలు, తెలుగు మాటలు పొడుగు కాబట్టి నేను 130 పెట్టుకున్నా. ఇంగ్లీషు లిపిలో మాట వస్తే దానంతట అదే ఇంగ్లీషు రూల్స్‌కి మారి చదువుతాది, ఇది పెద్ద పెద్ద మోడళ్ళకి కూడా సరిగ్గా రాని విద్య.

తాడిపత్రి ఫ్రెండు సంగతి ఇక్కడే చెప్పాల. ఆయన విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉండేది చదివి వినిపించేది, వాడతాడు, అది కూడా ఉచితమే, 2006 నుంచి ఉండాది, దాంట్లో ఈస్పీక్ ముందే కలిపి ఇస్తారు. నేను శానా కష్టపడి తియ్యటి గొంతు ఒకటి సెట్ చేసి వినిపిస్తే ఆయన రెండు నిమిషాలు విని, బాగుందిలే గానీ ఇది నా స్పీడుకి రాదప్పా అన్నాడు. ఆయన వినే స్పీడులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, గింజలు వేయించినట్లు టపటపమంటాది, ఆయనకి మాత్రం ప్రతి అక్షరం తెలుస్తాంది. మనిషి గొంతు మోడళ్ళని అంత తొందర పెడితే అక్షరాలు మింగేస్తాయి, ఈస్పీక్ ఎంత పరిగెత్తినా అదే పలుకు. ఇంగోటి, కీ నొక్కగానే మాట రావాల, సగం సెకను ఆలస్యమైనా స్క్రీన్ రీడర్‌కి పనికిరాదు. కాబట్టి ఆయనకి ఏది మంచిదో ఆయనకి ముందే తెలుసు, నేనే ఒక వారం ఊరికే తిరిగినా.

ఫ్లైట్ అని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళది ఒకటి ఉండాది, చిన్న చిన్న మిషన్ల కోసం చేసింది, అందులో తెలుగు గొంతులు కూడా ఉన్నాయి. ఈస్పీక్ కంటే మనిషికి దగ్గర, కానీ గొంతు డబ్బాలో నుంచి వచ్చినట్లు బుర్ర బుర్ర అంటాది. పాత ఫోను, పాత బోర్డు మీద నడపాలంటే చూడండి, లేకపోతే దాటేయండి. ధ్వని అని మన దేశంలోనే భారతీయ భాషల కోసం పుట్టింది కూడా ఒకటి ఉండేది, తెలుగు చదివేది, ఇప్పుడు దాన్ని కొత్తగా పెట్టుకోవాల్సిన పని లేదు.

పైపర్ దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఉంటా, ఎందుకంటే మామూలు ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళకి నేను చెప్పేది ఇదే. రాస్ప్‌బెరీ పై 4 లాంటి చిన్న బోర్డు మీద నడిచేకి చేసినారు దీన్ని, అంటే మన పాత కంప్యూటర్లకి ఇబ్బంది లేదు. కంప్యూటర్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే, దాంతో వచ్చే పిప్ అనే కమాండుతో పైపర్-టీటీఎస్ (టీటీఎస్ అంటే టెక్స్ట్ టు స్పీచ్, రాసింది చదివి వినిపించేది) దించుకోవాల, తర్వాత గొంతు వేరేగా దించుకోవాల. ఒక్కో గొంతుకి రెండు ఫైళ్ళు, ఓఎన్ఎన్ఎక్స్ ఫైలు ఒకటి, దాని పక్కనే అదే పేరుతో జేసన్ ఫైలు, రెండూ ఒకే ఫోల్డర్లో ఉండాల, మొదటిసారి రెండోది దించుకోకుండా నేను మధ్యాహ్నం అంతా తన్నుకున్నా. మీడియం సైజు గొంతు 60 ఎంబీ పైన ఉంటాది. తెలుగులో మాయ, పద్మావతి, వెంకటేష్ అని మూడు గొంతులు ఉన్నాయి, ఎవరు పేర్లు పెట్టినారో గానీ తిరుపతి నుంచి జంటగా దిగొచ్చినట్లుంది. నిమిషం ఆడియో తయారయ్యేకి నా ల్యాప్‌టాప్ మీద నిమిషం కూడా పట్టదు. స్పీడు తగ్గించాలంటే లెంగ్త్ స్కేల్ అనేదాన్ని 1 కంటే పెంచాల, పెంచితే నిదానం అవుతాది, ఇది తిరగేసి ఉంటాది కాబట్టి గుర్తుపెట్టుకోండి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎంత ఆగాలో కూడా ఇవ్వొచ్చు.

దీని లోపల ఒక సంగతి తెలుసుకోవాల. పైపర్ తెలుగు అక్షరాల్ని నేరుగా చదవదు, ముందు ఈస్పీక్‌ని పిలిచి ఈ మాట ఎట్ల పలకాలో అడుగుతాది, అది చెప్పిన శబ్దాలనే తన గొంతుతో పలుకుతాది. అంటే ఈస్పీక్ ఒక మాట తప్పు పలికితే పద్మావతి కూడా అదే తప్పు తియ్యగా పలుకుతాది. కాబట్టి పైపర్‌లో ఏదన్నా మాట వంకరగా వస్తే అదే మాట ఈస్పీక్‌లో వినండి, అక్కడా వంకరే అయితే గొంతు మార్చి లాభం లేదు, రాసే తీరే మార్చాల. చాప, చంద్రుడు వాక్యం ఈ రెండిట్లో పక్క పక్కన పెట్టి వినండి, నేను చెప్పేది తెలుస్తాది.

ఎంఎంఎస్ అని ఫేస్‌బుక్ కంపెనీ మెటా వాళ్ళు 2023 మే నెలలో వదిలినారు, 1,100 పైన భాషలు, తెలుగు ఒకటి. డేటా ఎక్కువగా మత గ్రంథాలు చదివిన రికార్డింగులు, అందుకే మైకులో బుడ్డల రేటు చెప్పినా అందులో ఒక రకం ప్రసంగం వాసన నాకు తగిలింది. ఇది నేరుగా అక్షరాల నుంచి నేర్చుకున్నది, దాని పట్టికలో లేని గుర్తు వస్తే చప్పుడు లేకుండా వదిలేసి ముందుకి పోతాది. ఇది శానా డేంజర్, రోబో గొంతు తప్పు చదివితే మనకి వినపడుతాది, ఇది వదిలేస్తే వాక్యం బాగానే ఉన్నట్లు ఉంటాది, రేటు మాత్రం ఉండదు. దీన్ని వాడితే అంకెలన్నీ మాటల్లో రాసివ్వండి, పన్నెండువందల యాభై అని. ఆడియో 16 కిలోహెర్ట్జ్‌లో వస్తాది, ఫోన్ కాల్ కంటే మేలు, పాటల క్వాలిటీ కాదు. లైసెన్సు వ్యాపారానికి వాడకూడదనే రకం, దీని గురించి కింద చెప్తా.

ఇంగ ఏఐ4భారత్. ఐఐటీ మద్రాసులో ఉండే గ్రూపు. 2022లో ఇండిక్ టీటీఎస్ అని 13 భాషల్లో మోడళ్ళు ఇచ్చినారు, తర్వాత 2024 చివర్లో ఏఐ మోడళ్ళు పంచుకునే వెబ్‌సైటు నడిపే హగ్గింగ్ ఫేస్ వాళ్ళతో కలిసి ఇండిక్ పార్లర్ అనేది వదిలినారు, ఇప్పుడు అందరూ చెప్పుకునేది దీని గురించే. నేను విన్న ఓపెన్ సోర్స్ తెలుగులో మనిషికి దగ్గరగా ఉండేది ఇదే, అందులో నాకు అనుమానం లేదు. వాడేది కూడా వింతగా ఉంటాది, తెలుగు వాక్యం ఒక చోట ఇచ్చి, ఇంగోచోట ఇంగ్లీషులో ఎట్ల చదవాలో వర్ణించి రాయాల, లలిత అనే ఆవిడ నిదానంగా, దగ్గర నుంచి, చప్పుడు లేని గదిలో మాట్లాడుతాంది అని, అట్లనే వస్తాది. తెలుగుకి ప్రకాష్, లలిత, కిరణ్ అని గొంతుల పేర్లు ఉన్నాయి, పేరు రాయకుండా ఊరికే ఆడగొంతు అంటే ఒక్కోసారి ఒక్కో మనిషి వస్తాది, పేరు రాస్తే ఇంచుమించు ఒకే మనిషి.

కానీ ఇది దాదాపు 90 కోట్ల పారామీటర్ల మోడల్, అంటే లోపల అన్ని అంకెలతో లెక్క కట్టాల, శానా బరువు. నా ల్యాప్‌టాప్ మీద ఒక చిన్న వాక్యం పెట్టి టీ తాగి వచ్చినా ఇంగా ఫ్యాను అరుస్తానే ఉండింది. గూగుల్ కోల్యాబ్ అని నెట్‌లోనే వాళ్ళ కంప్యూటర్ వాడుకోనిచ్చేది ఉండాది, అందులో ఉచితంగా దొరికే జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద అయితే హాయిగా నడుస్తాది, నెట్ ఉండాల, సెషన్ మధ్యలో పోతే మళ్ళా మొదటి నుంచి దించుకోవాల. ఇంగోటి, ఒకే వాక్యం రెండుసార్లు ఇస్తే రెండు రకాలుగా చదువుతాది, ఒకసారి బ్రహ్మాండం, ఇంగోసారి చివరి మాట సాగదీసి వదిలేస్తాది. పొడుగు పేరా ఒకేసారి ఇవ్వొద్దు, వాక్యం వాక్యం కోసి ఇచ్చి, ప్రతిదీ విని, బాగలేనిది మళ్ళా తీసి, తర్వాత ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో అతికించుకోవాల. ఐదు నిమిషాల కథకి చేస్తారు, నాలుగొందల పేజీల నోట్సుకి ఎవరు చేస్తారు?

వీళ్ళదే ఇండిక్ఎఫ్5 అని ఇంగోటి ఉండాది, ఎవరిదన్నా గొంతు కొన్ని సెకన్లు, ఆ సెకన్లలో ఏం చెప్పినారో టెక్స్టూ ఇస్తే ఆ గొంతుతోనే చదువుతాది. మా వాడు వెంటనే ఒక పెద్ద హీరో పేరు చెప్పి ఆయన గొంతు పెడదామన్నాడు, వద్దురా నాయనా, అడక్కుండా ఎవరి గొంతూ తీసుకోకూడదు, కేసు అయితాది అని చెప్పి వాడి సొంత గొంతే, జలుబు తగ్గినాక, రికార్డు చేయించినా.

కోకీ టీటీఎస్, వాళ్ళదే ఎక్స్‌టీటీఎస్ అని వీడియోల్లో శానా పొగుడుతారు, ఆ కంపెనీ 2024 జనవరిలోనే మూతపడింది, కోడు వేరే వాళ్ళు నడుపుతాండారు, ఎక్స్‌టీటీఎస్ రెండో వర్షన్‌లో 17 భాషలు, హిందీ ఉండాది, తెలుగు లేదు. కొకోరో కూడా చిన్నగా, అందంగా ఉంటాది, అందులోనూ హిందీ వరకే. దించుకునేకి ముందు భాషల లిస్టులో తెలుగు ఉందా అని చూసుకోండి, హిందీ మోడల్‌కి తెలుగు ఇస్తే వచ్చేది ఏ భాషా కాదు.

ఇప్పుడు పోల్చేది. పది వాక్యాలూ అన్నిట్లో తీసి, ఫైళ్ళకి ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టి, ఏ నంబరు ఏ సాఫ్ట్‌వేరో కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పేరు తెలిస్తే చెవి మోసం చేస్తాది, నాకే చేసింది. తర్వాత ఒక ఐదారుమందికి వినిపించండి, కంప్యూటర్ తెలిసినోళ్ళు అవసరం లేదు, నేను సప్తగిరి సర్కిల్ దగ్గర టీ అంగడిలో వినిపించినా. ముందు విన్నది తిరిగి చెప్పమనండి, రేటు ఎంత, ఊరు ఏది అని అడగండి. అది అయినాకనే గొంతు ఎట్లుంది, ఒకటి నుంచి ఐదు లోపల మార్కు వెయ్యమనండి. ఈ రెండూ కలిపి అడగొద్దు, గొంతు బాగుంటే జనాలు రేటు అర్థం కాకపోయినా ఐదు వేసేస్తారు. నా దగ్గర అదే జరిగింది, పార్లర్‌కి అందరూ ఐదు వేసినారు, అందులో ఇద్దరు ఫోన్ నంబరు తప్పు చెప్పినారు. వాక్యాల తర్వాత ఇరవై నిమిషాల ముక్క ఒకటి మీరే వినండి, పది సెకన్లకి బాగున్న గొంతు పది నిమిషాలకి తలనొప్పి తెప్పించొచ్చు.

స్పీడు లెక్క కూడా రాసుకోండి, నిమిషం ఆడియోకి ఎంతసేపు పట్టిందని. మొదటిసారి మోడల్ లోడ్ అయ్యే టైము తీసేసి రెండోసారిది రాయండి.

లైసెన్సు గురించి ఎవరూ చదవరు గానీ ఆటో మైకు వ్యాపారమే. ఎంఎంఎస్ వ్యాపారానికి కుదరదు. ఇండిక్ పార్లర్‌ది అపాచే అనే లైసెన్సు, దానికి ఇబ్బంది లేదు. పైపర్‌ది ముందు ఎంఐటీ అనే లైసెన్సు, 2025లో ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే సంస్థ కిందికి మారినాక జీపీఎల్ అనే లైసెన్సు, ఈస్పీక్ కూడా జీపీఎల్. జీపీఎల్ ఆ ప్రోగ్రామ్‌ని మీ యాప్‌లో కలిపి పంచేటోళ్ళకి వర్తిస్తాది, దాంతో తీసిన ఆడియోకి కాదు. కానీ పైపర్‌లో ప్రతి గొంతుకీ వేరే షరతులు ఉండొచ్చు, గొంతు ఫైలు పక్కన మోడల్ కార్డు అని ఉంటాది, అది ఒక్కసారి తెరిచి చూడండి.

ఫోన్‌లో కావాలంటే షెర్పా ఓఎన్ఎన్ఎక్స్ అనే ప్రాజెక్టు పైపర్ రకం గొంతుల్ని ఆండ్రాయిడ్‌లో టీటీఎస్ ఇంజిన్ మాదిరి నడుపుతాది, ఈస్పీక్‌కి కూడా ఆండ్రాయిడ్ యాప్ ఉండాది. వేసుకున్నాక సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ దగ్గరికి పోయి ఇంజిన్ మార్చాల, మార్చకపోతే పాతదే చదువుతాంటే కొత్తది బాగలేదనుకుంటారు.

పైపర్ వేవ్ ఫైలు 22,050 హెర్ట్జ్, 16 బిట్, మోనోలో నిమిషానికి 2.6 ఎంబీ అయితాది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఫైళ్ళు మార్చే ఉచిత ప్రోగ్రామ్‌తో 64 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే అర ఎంబీ లోపలే, పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని ఆటోలో తిప్పేకి చాలు. ఆటో పైన ఉండే హారన్ స్పీకరు కింది శబ్దాలు, మరీ పై శబ్దాలు ఎట్లాగూ వదిలేస్తాది, దాంట్లో పార్లర్‌కీ పైపర్‌కీ తేడా సగం పోతాది, అందుకే మా వాడికి కోల్యాబ్ బాధ ఎందుకని పైపర్‌తోనే ఖాయం చేసినా, వెంకటేష్ గొంతు, లెంగ్త్ స్కేల్ 1.2, వాక్యాల మధ్య ముక్కాలు సెకను. బజారులో వినపడాల కాబట్టి నిదానం ముఖ్యం.

చివరిగా తప్పులు దిద్దేది. ఒక చిన్న ఫైలు పెట్టుకోండి, ఎడమ పక్క మనం రాసేది, కుడి పక్క మిషన్‌కి ఇవ్వాల్సింది. కి.మీ. కి కిలోమీటర్లు, రూ. 1,250 కి పన్నెండువందల యాభై రూపాయలు, డా. కి డాక్టర్, ఫోన్ నంబరు అంకెకీ అంకెకీ మధ్య కామా. టెక్స్ట్ ఇచ్చేముందు అన్నీ ఒకేసారి మార్చేసే చిన్న స్క్రిప్టు రాసుకోండి, రాయలేకపోతే నోట్‌ప్యాడ్‌లో రీప్లేస్ చాలు. మా వాడి లిస్టు ఇప్పటికి అరవై మాటలు దాటింది, ఊరు మారితే ఇంగా పెరుగుతాది. ఆ యాడికి వాక్యం మాత్రం నాలుగు రోజులు సతాయించింది, ఏ గొంతు పెట్టినా రెండు యాడికిలూ ఒకేలాగ వచ్చినాయి, ఆఖరికి మాది యాడికి మండలం అని ఒక మాట కలిపి, చుక్క పెట్టి, రెండోదాన్ని కొత్త వాక్యంగా విడగొట్టినా. మొన్న వాడు అదే వేసుకుని యాడికి బజారులో తిరిగితే ఎవరూ నవ్వలేదంట.